ఉపగ్రహ సమాచారప్రసారంలో డిజిటల్ మాడ్యులేషన్: ‘దక్షత’ ప్రమాణాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉపగ్రహ సమాచారప్రసారానికి అనువైన డిజిటల్ మాడ్యులేషన్ పద్ధతులను పోల్చేటప్పుడు పాఠ్యగ్రంథాలు, విద్యార్థుల పరిశోధననివేదికలు తరచుగా రెండు కొలమానాలతో సరిపెట్టుకుంటాయి. ఒక్కొక్క హెర్ట్జ్‌కు సెకనుకు ఎన్ని బిట్లు పంపవచ్చుననేది మొదటిది. నిర్ణీత దోషనిష్పత్తికి ఒక్కొక్క బిట్‌కు ఎంత శక్తి కావాలనేది రెండవది. ఈ రెండూ సాధారణంగా నాయిస్ తప్ప వేరే లోపమేదీ లేని ఆదర్శమార్గాన్ని ఊహించి లెక్కించినవి. ఉపగ్రహమార్గం అటువంటిది కాదు. యాంప్లిఫైయర్ పరిమితి, దోషసవరణ కోడ్, వర్షం, దూరం, ఇళ్లలోని స్వీకరణ పరికరాలు కలిసి దక్షతను నిర్ణయిస్తాయి. మాడ్యులేషన్‌కు విడిగా దక్షతను ఆపాదించే ధోరణిని ఈ వ్యాసం పరీక్షించి, పోలికకు పాటించవలసిన నియమాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉపగ్రహ సమాచారప్రసారం, డిజిటల్ మాడ్యులేషన్, దక్షత, ట్రాన్స్‌పాండర్, క్యూపీఎస్‌కే, ఏపీఎస్‌కే, డీవీబీ-ఎస్2.

1. ఉపోద్ఘాతం:

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే భూస్థిర ఉపగ్రహం నుంచి 12 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో వెలువడిన సంకేతం నేలను చేరేసరికి సుమారు 205 డెసిబెళ్ల నష్టానికి లోనవుతుంది. ఉపగ్రహానికి అందే విద్యుత్తు సౌరఫలకాలు ఇచ్చినంత మాత్రమే. కేటాయించిన పౌనఃపున్యపట్టీ కూడా పరిమితమే. ఈ రెండు కొరతల మధ్య ఏ మాడ్యులేషన్‌ను ఎంచుకోవాలన్నది ఉపగ్రహ ఇంజనీరింగ్‌లో మొదటినుంచీ ఉన్న ప్రశ్న.

ఈ ప్రశ్న డిజిటల్ యుగంతో పుట్టింది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు టెలివిజన్ ప్రసారాలను నేరుగా ఉపగ్రహం నుంచే అందుకున్నాయి. ఆ ప్రసారానికి వాడినది అనలాగ్ పౌనఃపున్య మాడ్యులేషన్. నేలమీది టెలివిజన్ కేంద్రాలు చిత్రసంకేతానికి వాడిన కంపనపరిమితి మాడ్యులేషన్ కంటే అది ఎక్కువ బ్యాండ్‌విడ్త్‌ను తీసుకుంటుంది. కాని తక్కువ పవర్‌తోనే స్పష్టమైన చిత్రాన్ని ఇస్తుంది. పైగా దాని కంపనపరిమితి స్థిరంగా ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ ఒక్కదానినే లెక్కిస్తే అది ‘దక్షత లేని’ పద్ధతి. పల్లెలోని చిన్న యాంటెన్నాకు చిత్రం చేరాలన్న లక్ష్యంతో చూస్తే అదే సరైన పద్ధతి. లక్ష్యాన్నిబట్టి తీర్పు మారుతుందన్న ఈ విషయం తరువాతి డిజిటల్ పద్ధతుల పోలికలలో తరచుగా మరుగున పడుతోంది.

2. దక్షత - పదం, ప్రమాణం:

తెలుగులో ఈ విషయాన్ని బోధించేవారికి మొదట ఎదురయ్యే చిక్కు పరిభాషది. ‘పని, శక్తి, సామర్థ్యం’ అన్న పాఠ్యాంశంలో ‘సామర్థ్యం’ అంటే పవర్. వ్యవహారంలో అదే మాట కెపాసిటీకీ, నైపుణ్యానికీ వాడతారు. సమాచారప్రసారశాస్త్రంలో పవర్, ఛానల్ కెపాసిటీ, దక్షత మూడూ వేర్వేరు భావనలు. మూడింటికీ ఒకే మాట వాడితే వాక్యం చదవడానికి బాగానే ఉంటుంది గాని అర్థం జారిపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ‘దక్షత’ను ఒక్క అర్థానికే పరిమితం చేసి, మిగిలిన రెండింటికి పవర్, కెపాసిటీ అన్న వాడుకపదాలనే స్వీకరించడమైనది.

దక్షతలోనూ రెండు పార్శ్వాలున్నాయి. తక్కువ బ్యాండ్‌విడ్త్‌లో ఎక్కువ బిట్లు పంపడం బ్యాండ్‌విడ్త్ దక్షత. తక్కువ శక్తితో దోషరహితంగా పంపడం పవర్ దక్షత. 1948లో క్లాడ్ షానన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ రెండింటినీ ఒకే సూత్రంలో ముడివేసింది. నాయిస్ సాంద్రతతో పోల్చినప్పుడు ఒక్కొక్క బిట్‌కు కావలసిన శక్తి, బ్యాండ్‌విడ్త్ ఎంత విస్తారంగా ఉన్నప్పటికీ, -1.59 డెసిబెళ్లకంటే తగ్గదు. బ్యాండ్‌విడ్త్‌ను పొదుపు చేసేకొద్దీ ఈ కనీస శక్తి పెరుగుతూ పోతుంది. కనుక రెండు పార్శ్వాలలో ఒక్కదానినే పేర్కొని ఒక పద్ధతిని ‘దక్షమైనది’ అనడం అసంపూర్ణమైన వాక్యమే అవుతుంది.

3. ఉపగ్రహమార్గపు స్వభావం:

పోలికలను తారుమారు చేసే అసలు అంశం ట్రాన్స్‌పాండర్‌లోని చివరి అంగమైన యాంప్లిఫైయర్. చాలాకాలంగా ఈ పనికి ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్‌ను వాడుతున్నారు. ఇది సంతృప్తస్థితిలో పనిచేసినప్పుడే ఉపగ్రహంలోని విద్యుత్తును రేడియోతరంగంగా సమర్థంగా మారుస్తుంది. కాని ఆ స్థితిలో ఇన్‌పుట్ పెరిగినా ఔట్‌పుట్ అదే నిష్పత్తిలో పెరగదు. అంతేకాక, ఇన్‌పుట్ కంపనపరిమితి మారినప్పుడల్లా ఔట్‌పుట్ దశ కూడా మారుతుంది. ఈ వక్రతను తప్పించుకోవడానికి ట్యూబ్‌ను సంతృప్తస్థితి నుంచి కొంత వెనక్కు తగ్గించి నడపడాన్ని బ్యాక్‌ఆఫ్ అంటారు. తగ్గించిన ప్రతి డెసిబెల్ నేలమీది యాంటెన్నాకు చేరే పవర్‌లో కోత అవుతుంది.

ఈ ప్రవర్తనకు 1981లో అడెల్ సలే ఇచ్చిన గణితనమూనా నేటికీ ప్రచారంలో ఉంది. నాలుగు స్థిరాంకాలతో రెండు చిన్న సూత్రాలలో ట్యూబ్ స్వభావాన్ని చెప్పడం దాని బలం. అయితే ఆ వ్యాసంలోని 2.1587, 1.1517, 4.0033, 9.1040 అన్న స్థిరాంకాలను యథాతథంగా తీసుకొని సిమ్యులేషన్ చేసి, ఆ ఫలితాన్ని ‘ఉపగ్రహమార్గానికి’ వర్తింపజేయడం విమర్శకు నిలవదు. అవి ఒకానొక ట్యూబ్ కొలతలకు సరిపోయేలా కుదిర్చిన సంఖ్యలు. లీనియరైజర్‌తో జతచేసిన నేటి యాంప్లిఫైయర్ల స్వభావం వేరు. నమూనాను వాడటం తప్పు కాదు. నమూనాను వాస్తవంగా భావించడమే లోపం.

4. కంపనపరిమితిని కాపాడే పద్ధతులు:

యాంప్లిఫైయర్ వక్రతకు తొలి సమాధానం దశలో మాత్రమే సమాచారాన్ని ఉంచడం. బీపీఎస్‌కే ఒక చిహ్నంలో ఒక బిట్‌ను, క్యూపీఎస్‌కే రెండు బిట్లను పంపుతాయి. కోడింగ్ లేనప్పుడు లక్ష బిట్లకు ఒక దోషం స్థాయిలో రెండింటికీ ఒక్కొక్క బిట్‌కు సుమారు 9.6 డెసిబెళ్ల శక్తినిష్పత్తి చాలు. అదనపు శక్తి లేకుండానే బ్యాండ్‌విడ్త్ సగమవుతుంది. క్యూపీఎస్‌కే ఉపగ్రహరంగంలో దశాబ్దాలుగా నిలవడానికి ఇదే కారణం.

అయితే ‘క్యూపీఎస్‌కే కంపనపరిమితి స్థిరం’ అన్న పాఠ్యపుస్తక వాక్యం సగమే నిజం. నాలుగు బిందువులూ ఒకే వృత్తంపై ఉన్నమాట నిజమే. కాని పట్టీకి సరిపోయేలా సంకేతాన్ని ఫిల్టర్ చేసిన తరువాత, ఎదురెదురు బిందువుల మధ్య 180 డిగ్రీల మార్పు జరిగినప్పుడు తరంగం సున్నా గుండా పోతుంది. సంతృప్తస్థితిలోని యాంప్లిఫైయర్ ఆ లోతులను పూడ్చే క్రమంలో, ఫిల్టర్ తొలగించిన పార్శ్వభాగాలు మళ్లీ మొలుచుకొస్తాయి. అవి పొరుగు ఛానల్‌కు ఆటంకం. ఆఫ్‌సెట్ క్యూపీఎస్‌కే రెండు బిట్ల మార్పులను అరచిహ్న కాలం ఎడంగా ఉంచి ఒక్కసారి దశమార్పును 90 డిగ్రీలకు పరిమితం చేసింది. ఆ దారిలోనే ఎమ్‌ఎస్‌కే, 1981లో మురోటా, హిరాదే ప్రతిపాదించిన జీఎమ్‌ఎస్‌కే దశను అవిచ్ఛిన్నంగా మలచి, కంపనపరిమితిని పూర్తిగా స్థిరపరిచాయి.

జీఎమ్‌ఎస్‌కే సాధారణంగా సెల్‌ఫోన్ పాఠంలో జీఎస్‌ఎమ్‌తో ముడిపడి కనిపిస్తుంది. అంతరిక్ష సమాచారవ్యవస్థల ప్రమాణాలను రూపొందించే సీసీఎస్‌డీఎస్ సంస్థ దీనిని అంతరిక్షనౌకల ప్రసారాలకూ సిఫారసు చేసిందన్న విషయం ఆ పాఠాలలో అరుదుగా చోటు చేసుకుంటుంది. చిహ్నానికి ఒకే బిట్ పంపే పద్ధతిని బిట్ల సంఖ్యనుబట్టి పట్టికలో చివరన ఉంచితే, ప్రతి వాట్ విలువైన నౌకకు అది ఎందుకు తగినదో విద్యార్థికి తెలిసే అవకాశం ఉండదు.

5. పదహారు బిందువులు - మూడు అమరికలు:

ఒక చిహ్నంలో నాలుగు బిట్లు పంపాలంటే పదహారు బిందువులు కావాలి. వాటిని చతురస్రంగా పేర్చితే 16-క్యూఏఎం. ఒకే వృత్తంపై పేర్చితే 16-పీఎస్‌కే. లోపలి వృత్తంపై నాలుగు, వెలుపలి వృత్తంపై పన్నెండు చొప్పున పేర్చితే 16-ఏపీఎస్‌కే. బ్యాండ్‌విడ్త్ దక్షత మూడింటికీ సమానమే. దోషాలను నిర్ణయించేది ప్రధానంగా బిందువుల మధ్య కనిష్ఠదూరం. ఆ దూరవర్గాన్ని సగటు పవర్‌తోను, గరిష్ఠ పవర్‌తోను విడివిడిగా భాగించి చూస్తే ఈ ఫలితాలు వస్తాయి (ఏపీఎస్‌కే వృత్తాల వ్యాసార్ధాల నిష్పత్తి 2.73 అనుకున్నప్పుడు).

సగటు పవర్ ప్రమాణంగా: 16-క్యూఏఎం 0.400, 16-ఏపీఎస్‌కే 0.342, 16-పీఎస్‌కే 0.152.
గరిష్ఠ పవర్ ప్రమాణంగా: 16-ఏపీఎస్‌కే 0.268, 16-క్యూఏఎం 0.222, 16-పీఎస్‌కే 0.152.

మొదటి వరుసలో క్యూఏఎం సుమారు 0.7 డెసిబెళ్లు ముందుంది. రెండవ వరుసలో ఏపీఎస్‌కే సుమారు 0.8 డెసిబెళ్లు ముందుంది. బిందువులు అవే, దూరాలు అవే; భాజకం మారగానే విజేత మారింది. సగటు పవర్‌ను పరిమితిగా భావించే మార్గానికి మొదటి వరుస తగినది. శిఖరం దగ్గర యాంప్లిఫైయర్ అడ్డుకునే ఉపగ్రహమార్గానికి రెండవ వరుసే దగ్గరిది. ఉపగ్రహం పేరు శీర్షికలో పెట్టి, మొదటి వరుసతోనే 16-క్యూఏఎంను శ్రేష్ఠమని తేల్చే నివేదికలలోని ప్రధానలోపం ఇక్కడే ఉంది. ఫిల్టరింగ్‌వల్ల శిఖరాలు ఇంకా పెరుగుతాయి కనుక ఈ సంఖ్యలు తుదితీర్పు కావు. కాని ప్రమాణాన్ని ప్రశ్నించడానికి ఇవి చాలు.

ఏపీఎస్‌కేకు మరొక అనుకూలత ఉంది. సలే నమూనాలోని పై స్థిరాంకాలతో, వెలుపలి వృత్తాన్ని సరిగ్గా సంతృప్తస్థితి వద్ద ఉంచి లెక్కిస్తే, ఇన్‌పుట్‌లో 2.73గా ఉన్న వ్యాసార్ధనిష్పత్తి ఔట్‌పుట్‌లో సుమారు 1.55కు కుంచించుకుపోతుంది. రెండు వృత్తాల మధ్య సుమారు 9 డిగ్రీల దశాభేదం కూడా ఏర్పడుతుంది. ఇది పెద్ద వికృతియే. అయితే ఉన్నవి రెండే వృత్తాలు కాబట్టి ప్రసారకేంద్రంలోనే లోపలి వృత్తాన్ని తగినంత కుదించి, తగినంత తిప్పి పంపితే ఉపగ్రహం నుంచి వెలువడే అమరిక తిరిగి సరైన రూపానికి వస్తుంది. 16-క్యూఏఎంలో మూడు కంపనపరిమితులున్నాయి. శిఖరస్థాయిలో ఉన్నవి నాలుగు మూలలే. ఏపీఎస్‌కేలో పన్నెండు బిందువులు శిఖరస్థాయిలోనే ఉండి యాంప్లిఫైయర్‌ను సంతృప్తస్థితికి దగ్గరగా పనిచేయిస్తాయి. ఈ భావన కొత్తదేమీ కాదు. వృత్తాకార అమరికలపై థామస్, వైడ్నర్, దుర్రానీ 1974లోనే పరిశోధనవ్యాసం ప్రకటించారు. అది ప్రమాణంలోకి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

6. ఘనత ఎవరిది?

డిజిటల్ ఉపగ్రహప్రసారాలకు 1990ల తొలిభాగంలో రూపొందిన డీవీబీ-ఎస్ ప్రమాణం క్యూపీఎస్‌కేను స్వీకరించింది. 2003లో రూపుదిద్దుకొన్న డీవీబీ-ఎస్2 ప్రమాణం దానికి 8-పీఎస్‌కే, 16-ఏపీఎస్‌కే, 32-ఏపీఎస్‌కేలను చేర్చింది. ఈ మార్పు వల్ల ప్రసారవేగం సుమారు 30 శాతం పెరిగిందన్నది అందరూ ఉదాహరించే మాట. ఆ పెరుగుదలను కొత్త మాడ్యులేషన్ల ఖాతాలో వేయడం పరిపాటి. ప్రమాణపత్రంలోని ఉదాహరణను విడదీసి చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది.

36 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్‌పై ఒకే ఉపగ్రహపవర్‌తో డీవీబీ-ఎస్ సెకనుకు 33.8 మెగాబిట్లు ఇవ్వగా, డీవీబీ-ఎస్2 46 మెగాబిట్లు ఇస్తుంది. పెరుగుదల 36 శాతం. కాని రెండు సందర్భాలలోనూ మాడ్యులేషన్ క్యూపీఎస్‌కేయే. ఫిల్టర్ రోల్-ఆఫ్ 0.35 నుంచి 0.20కి తగ్గడంతో చిహ్నవేగం సెకనుకు 27.5 మెగాచిహ్నాల నుంచి 30.9కి పెరిగింది, అంటే సుమారు 12 శాతం. మిగిలిన సుమారు 21 శాతం కోడింగ్‌ది. పాత కన్వల్యూషనల్, రీడ్-సాలమన్ జంట స్థానంలో వచ్చిన ఎల్‌డీపీసీ, బీసీహెచ్ జంట అదే పవర్‌తో మరింత పలుచని రక్షణతో పనిచేయగలిగింది. ఈ ఎల్‌డీపీసీ కోడ్‌లను రాబర్ట్ గాలగర్ 1960ల తొలినాళ్లలోనే ప్రతిపాదించారు. వాటిని డీకోడ్ చేయగల చౌకైన చిప్‌లు వచ్చేదాకా అవి గ్రంథస్థంగానే మిగిలిపోయాయి.

దీనివల్ల కొత్త అమరికల విలువ తగ్గదు. పవర్ మరికొంత అందుబాటులో ఉన్నచోట 8-పీఎస్‌కే, ఏపీఎస్‌కేలు తమ ప్రయోజనాన్ని చూపుతాయి. అయితే అవి ఆచరణలోకి రాగలిగింది బలమైన కోడ్ తోడుగా ఉండడంవల్లనే. కోడింగ్‌ను మాడ్యులేషన్‌ను ఒకే నిర్మాణంగా చూడాలని 1982లో ఉంగర్‌బోక్ వ్యాసం నిరూపించింది. సిలబస్‌లలో మాత్రం ఇవి నేటికీ రెండు వేర్వేరు యూనిట్లుగానే నడుస్తున్నాయి. కోడింగ్ లేని దోషరేఖలను గీసి మాడ్యులేషన్లకు ర్యాంకులు ఇచ్చే అలవాటు ఈ విభజనకు ఫలితం.

రోల్-ఆఫ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2014 నాటి డీవీబీ-ఎస్2ఎక్స్ దానిని 0.05 దాకా తగ్గించింది. కాగితంపై 36 మెగాహెర్ట్జ్‌లో చిహ్నవేగం సెకనుకు 30 మెగాచిహ్నాల నుంచి 34.3కి చేరుతుంది. కాని అదే పవర్ ఎక్కువ చిహ్నాలకు పంచబడుతుంది. తరంగశిఖరాలు పెరిగి బ్యాక్‌ఆఫ్ కూడా పెరుగుతుంది. ఈ రెండు మూల్యాలను తీసివేసిన తరువాత మిగిలేదే అసలు లాభం.

7. మారుతున్న మార్గం:

పై చర్చ అంతా మార్గం స్థిరంగా ఉంటుందన్న భావనపై సాగింది. వాస్తవంలో అది గంటగంటకూ మారుతుంది. కేయూ బ్యాండ్‌లో, అంతకంటే ఎక్కువగా కేఏ బ్యాండ్‌లో భారీవర్షం సంకేతాన్ని బలహీనపరుస్తుంది. రుతుపవనకాలపు జడివానను దృష్టిలో ఉంచుకొని ఏడాదంతా దృఢమైన, నెమ్మదైన పద్ధతిని వాడితే, వాన లేని రోజులలో ఉండే మిగులు పవర్ వృథా అవుతుంది. అనుకూలన కోడింగ్, మాడ్యులేషన్ పద్ధతి దీనికి విరుగుడు. డీవీబీ-ఎస్2లో క్యూపీఎస్‌కే 1/4 కోడ్ చిహ్నశక్తి, నాయిస్ నిష్పత్తి -2.35 డెసిబెళ్ల వద్ద చిహ్నానికి 0.49 బిట్లను అందిస్తుంది. 32-ఏపీఎస్‌కే 9/10 కోడ్ 16.05 డెసిబెళ్ల వద్ద 4.45 బిట్లను అందిస్తుంది. ఆకాశస్థితినిబట్టి ఈ రెండు అంచుల మధ్య మారగలగడమే ఈ వ్యవస్థ దక్షత. అది ఏ ఒక్క మాడ్యులేషన్ గుణమూ కాదు.

భూమికి దగ్గరి కక్ష్యలలోని దూరసంవేదన ఉపగ్రహాలకు మారేది వాన మాత్రమే కాదు, దూరం కూడా. 500 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం, హైదరాబాద్ సమీపంలోని షాద్‌నగర్ వంటి భూకేంద్రానికి దిగంతం నుంచి 5 డిగ్రీల ఎత్తున కనిపించినప్పుడు సుమారు 2,080 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నడినెత్తికి వచ్చేసరికి 500 కిలోమీటర్లకు చేరుతుంది. తేడా 12 డెసిబెళ్లకు పైమాట. దిగంతం వద్ద క్యూపీఎస్‌కే 1/2కు మాత్రమే సరిపోయే సంకేతం నడినెత్తిన 32-ఏపీఎస్‌కే 3/4కు దాదాపు సరిపోతుంది. చిహ్నానికి 0.99 బిట్లు 3.70 అవుతాయి. ఉపగ్రహపథం ముందే తెలుసు కనుక ఈ మార్పుకు భూమి నుంచి తిరుగుసమాచారం కూడా అక్కరలేదు, కాలపట్టిక చాలు.

అయితే ఈ దాదాపు నాలుగురెట్ల లాభం మొత్తం పాస్‌కు వర్తించదు. ఉపగ్రహం ఎక్కువసేపు కనిపించేది తక్కువ ఎత్తులలోనే. పైగా దిగంతంవైపు ఎక్కువ పవర్ పంపేలా మలచిన యాంటెన్నా ఉంటే ఈ తేడాలో కొంతభాగం ముందే పూడిపోతుంది. ఇటువంటి షరతులతో సహా లెక్కించినప్పుడే ఆ సంఖ్యకు విలువ.

8. స్వీకర్త పక్షం:

దక్షతచర్చలో తరచుగా విస్మరణకు గురయ్యేది స్వీకర్త. భూస్థిర ఉపగ్రహానికి సంకేతం వెళ్లి రావడానికి సుమారు పావుసెకను పడుతుంది. వాన నెమ్మదిగా మారుతుంది కాబట్టి ఇద్దరి మధ్య సంభాషణలో అనుకూలనం సాధ్యమే. టెలివిజన్ ప్రసారంలో అది కుదరదు. ఒకే సంకేతం లక్షల ఇళ్లకు చేరుతుంది. ఒక ఊరిలో వాన, మరొక ఊరిలో ఎండ. వాన కురిసే ఊరినిబట్టే పద్ధతిని నిర్ణయించక తప్పదు.

2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ, నేటి డీడీ ఫ్రీ డిష్, ఇందుకు తగిన ఉదాహరణ. నెలవారీ రుసుము లేని ఈ సేవను ఆశ్రయించినవారి ఇళ్లలో డీవీబీ-ఎస్ సంకేతాన్ని మాత్రమే చదవగల సెట్‌టాప్ బాక్సులు పెద్దసంఖ్యలో చేరాయి. డీవీబీ-ఎస్2 ఎంత దక్షమైనదైనా ఆ బాక్సు దానిని చదవలేదు. డీవీబీ-ఎస్2లో పాత పరికరాలను కలుపుకుపోయే ఐచ్ఛిక విధానం ఉంది గాని, అందులో ఒకే తరంగపు పవర్‌ను పాత, కొత్త బిట్లు పంచుకోవలసి వస్తుంది. ట్రాన్స్‌పాండర్‌పై ఆదా అయ్యే వ్యయం ప్రసారసంస్థది. బాక్సు మార్చే ఖర్చు కుటుంబానిది. ఒకరి దక్షత మరొకరికి భారమయ్యేచోట ఆ లెక్కను ఇంజనీరింగ్ వెలుపలి విషయమని పక్కనపెట్టడం సమంజసం కాదు.

9. ముగింపు:

మాడ్యులేషన్ పద్ధతులను స్వతంత్రవస్తువులుగా భావించి ర్యాంకులిచ్చే పోలిక ఉపగ్రహమార్గానికి పొసగదని ఈ పరిశీలనవల్ల తేలుతోంది. పదహారు బిందువుల అమరికలలో ప్రమాణం మారగానే ఫలితం తిరగబడింది. ప్రమాణమార్పుతో వచ్చిన 36 శాతం పెరుగుదలలో మాడ్యులేషన్ పాత్రే లేని సందర్భం కనిపించింది. ఈ నేపథ్యంలో పరిశోధకులు, పరిశోధనపర్యవేక్షకులు ఈ క్రింది నియమాలను పాటించడం ప్రయోజనకరం.

1. సగటు పవర్‌తోపాటు గరిష్ఠ పవర్ ప్రమాణంతోనూ పోలిక చూపాలి. బ్యాక్‌ఆఫ్ వల్ల పోయిన పవర్‌ను, వికృతివల్ల అదనంగా కావలసిన శక్తిని కూడి మొత్తం నష్టంగా పేర్కొనాలి.
2. యాంప్లిఫైయర్ నమూనా ఏ రకపు ట్యూబ్‌కు వర్తిస్తుందో చెప్పాలి. ఒకే స్థిరాంకాలపై ఆధారపడిన ఫలితాన్ని సాధారణీకరించరాదు.
3. లాభంలో మాడ్యులేషన్, కోడింగ్, రోల్-ఆఫ్‌ల వాటాలను విడివిడిగా చూపాలి.
4. వర్షం, దూరం, స్వీకరణ పరికరాలలో ఏవి లెక్కలోకి వచ్చాయో, ఏవి రాలేదో స్పష్టంగా ప్రకటించాలి.

ఇవి ఖరీదైన ప్రయోగశాలను కోరే నియమాలు కావు. ఐదవ విభాగంలోని లెక్కకు కాగితం, కలం చాలు. ‘ఏ మాడ్యులేషన్ దక్షమైనది?’ అన్న ప్రశ్నకు మారుగా ‘ఏ యాంప్లిఫైయర్‌తో, ఏ కోడ్‌తో, ఏ ఆకాశం కింద, ఎవరి యాంటెన్నాకు?’ అని అడగడం తరగతిగదిలోనే అలవాటైతే, సిద్ధాంతవ్యాసాలలోని పట్టికలు వాస్తవానికి మరింత దగ్గరవుతాయి.